బాణం వదిలేశాక ఏం చేయాలి? జెన్ సాధనలో ఎనిమిదో మెట్టు



ఈ వారం వీడియోలో ధ్యానం గురించి మాట్లాడుకున్నాం. మన సంస్కృతంలోని 'ధ్యాన' అనే మాటే చైనాకి వెళ్లి 'చాన్' అయింది, అక్కణ్నుంచి జపాన్ చేరి 'జెన్' అయింది అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లిపోయాను. ఆ జెన్‌కీ యుద్ధకళలకీ సంబంధం ఏంటి, అందులో మనకి పనికొచ్చేది ఏముంది అన్నది వీడియోలో పట్టలేదు. పైగా అది నేను చేసిన ఒక తప్పుతో ముడిపడిన విషయం. కెమెరా ముందు చెప్పడం కంటే కూర్చుని రాయడమే నయమనిపించింది.

నా ప్రశ్న చిన్నదే. ఒక పనిని ఏ లోపమూ లేకుండా చేయడం నేర్చుకుంటే, ఆ పని చేసే మనిషి కూడా మంచివాడైపోతాడా?

మనలో చాలామందికి లోపల ఎక్కడో 'అవును' అనే ఉంటుంది. తెల్లవారుజామున లేచి సాధన చేసేవాడు మంచివాడు. మాట తూచి మాట్లాడేవాడు మంచివాడు. పూజ పద్ధతిగా చేసేవాడు మంచివాడు. నేనూ అలాగే అనుకునేవాణ్ని.

ఇరవై ఒక్క కదలికలు

రెండేళ్ల క్రితం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే జరిగే కరాటే క్లాసులో చేరాను. రోజంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేస్తోందని చేరానే తప్ప పెద్ద ఆశయమేమీ లేదు. నా వరసలో నిలబడేవాళ్లలో సగం మంది ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు.

కరాటేలో 'కటా' అని ఒకటుంటుంది. ఎదురుగా ప్రత్యర్థి ఉండడు. ఉన్నాడనుకుని, ముందే నిర్ణయించిన వరసలో అడ్డుకోవడం, తిరగడం, గుద్దడం, అడుగెయ్యడం అన్నీ ఒంటరిగా చేయాలి. మేం నేర్చుకునే షోటోకాన్ పద్ధతిలో కొత్తవాళ్లకి మొదట నేర్పే కటా పేరు హేయాన్ షోడాన్. అందులో 21 కదలికలు. ఎడమవైపు తిరిగి కింది దెబ్బని అడ్డుకోవడంతో మొదలవుతుంది. అటూ ఇటూ వెళ్లి, చివరికి బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతుంది.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఫునకోషి గిచిన్ (1868–1957). ఒకినావా ద్వీపంలో పుట్టి, 1922లో టోక్యో వెళ్లి, జపాన్ అంతటా కరాటేని ప్రచారం చేసిన మనిషి. 'కరాటే'లో 'కర' అనే మాటకి అప్పటిదాకా 'చైనా' అనే అర్థమొచ్చే అక్షరం రాసేవారు. ఆయన దాన్ని తీసేసి 'శూన్యం' అనే అర్థమొచ్చే అక్షరాన్ని స్థిరపరిచాడు. ఆయుధం లేని ఖాళీ చేతులు అని ఒక అర్థం. స్వార్థం లేని ఖాళీ మనసు అని రెండో అర్థం. తన చిన్నప్పుడు ఒక్కో కటా మీద మూడేళ్లు ఉండాల్సి వచ్చేదని ఆయనే రాసుకున్నాడు.

మూడేళ్లు! నేను మూడు నెలల్లో అయిపోగొట్టాలనుకున్నాను.

నిజం చెప్పాలంటే కటా నాకు తెగ నచ్చింది. సాఫ్ట్‌వేర్‌వాడికి నచ్చకుండా ఎలా ఉంటుంది? మోకాలు ఎంత వంగాలి, పిడికిలి ఎక్కడ ఆగాలి, చూపు ఎటు ఉండాలి, అన్నిటికీ లెక్క ఉంది. సరైనదేదో, తప్పేదో స్పష్టంగా తెలుస్తుంది. మా ఇంటి డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కన రోజూ చేసేవాణ్ని. ఫోన్ గోడకి ఆనించి వీడియో తీసుకుని, స్లో మోషన్‌లో చూసుకుని, ఒక్కో తప్పునీ బగ్ లాగా పట్టుకుని సరిచేసుకునేవాణ్ని.

గ్రేడింగ్ రోజు వచ్చింది. హేయాన్ షోడాన్ చేశాను. ఎక్కడా తడబడలేదు. ఆఖరి కదలిక పూర్తవగానే 'హమ్మయ్య' అనుకుని భుజాలు జారేశాను. మాస్టారు ఇంకా ఆపమనలేదు. నేను మాత్రం పక్కకి తిరిగి, వీడియో తీస్తున్న ఫ్రెండ్ వైపు 'వచ్చిందా?' అన్నట్టు చూశాను.

మాస్టారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇరవై ఒకటీ బాగా చేశావయ్యా. ఆ తర్వాతది చెయ్యలేదు" అన్నారు.

"ఇరవై ఒకటే కదా మాస్టారూ?"

"అందుకే వచ్చే నెల మళ్లీ రా."

వదిలాక కూడా నిలవడం

ఆయన చెప్పినదాన్ని జపనీస్‌లో 'జాన్‌షిన్' అంటారు. మాటకి మాట తీసుకుంటే 'మిగిలి ఉన్న మనసు'. దెబ్బ వేశాక, పని ముగిశాక కూడా అక్కణ్నుంచి జారిపోకుండా నిలిచి ఉండే ఎరుక.

ఇది బాగా అర్థం కావాలంటే జపాన్ విలువిద్య చూడాలి. దాన్ని క్యూడో అంటారు. అందులో బాణం వెయ్యడాన్ని ఎనిమిది మెట్లుగా విడగొట్టారు. కాళ్లు సర్దుకుని నిలబడటం ఒకటి. ఒళ్లు నిటారుగా కుదుర్చుకోవడం రెండు. వింటిని, తాటిని పట్టి సిద్ధమవడం మూడు. వింటిని పైకెత్తడం నాలుగు. లాగడం అయిదు. పూర్తిగా లాగి అలాగే ఉండటం ఆరు. వదలడం ఏడు. మరి ఎనిమిదోది?

బాణం వెళ్లిపోయింది. 28 మీటర్ల దూరంలో 36 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి గురి. తగిలిందో లేదో తేలిపోయింది. ఇంక చేయడానికేం లేదు అని మనకనిపిస్తుంది. కానీ ఎనిమిదో మెట్టు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అదే జాన్‌షిన్. తగిలినా తగలకపోయినా విలుకాడు చేతులు చాచిన భంగిమలోనే, బాణం వెళ్లిన వైపే చూస్తూ, ఊపిరి తప్పకుండా కాసేపు నిలబడాలి. తగిలిందని గెంతకూడదు. తప్పిందని మొహం ముడుచుకోకూడదు.

కత్తి పోటీ అయిన కెండోలో ఇది ఏకంగా నిబంధన. దెబ్బ ఎంత శుభ్రంగా తగిలినా, ఆ తర్వాత జాన్‌షిన్ లేకపోతే పాయింట్ ఇవ్వరు. గెలిచానని పిడికిలి బిగించి సంబరం చేసుకుంటే ఇచ్చిన పాయింట్ కూడా వెనక్కి తీసేసుకోవచ్చు. మన క్రికెట్‌లో ఈ రూల్ పెడితే ఎన్ని వికెట్లు మిగులుతాయో ఆలోచించండి!

మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఏడో మెట్టు రిలీజ్. రిలీజ్ అవ్వగానే లాప్‌టాప్ మూసేసి బిర్యానీకి వెళ్లిపోయేవాళ్లకి ఎనిమిదో మెట్టు తెలియదన్నమాట.

నా నలభై మూడు బాణాలు

ఇది తెలిశాక నేనేం చేశానో వినండి. జాన్‌షిన్‌ని ఇరవై రెండో కదలికగా ప్రాక్టీస్ చేశాను. చివర్లో ఎన్ని సెకన్లు ఆగాలి, కళ్లు ఎలా పెట్టాలి, అన్నీ వీడియోలో చూసుకుని దిద్దుకున్నాను. తర్వాతి నెల గ్రేడింగ్‌లో పాసయ్యాను. మాస్టారు కూడా తలూపారు. నేను చాలా ఎదిగిపోయాననుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక జూనియర్ రాసిన కోడ్ నా దగ్గరికి రివ్యూకి వచ్చింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన అమ్మాయి, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. నేను మొత్తం చదివి 43 కామెంట్లు పెట్టాను. టీమ్ అంతా చూసే చోట. అందులో ఒక్కటి కూడా తప్పు కాదు. ఇప్పటికీ ఆ 43నీ నేను సమర్థించుకోగలను. ఒక్కో వాక్యం కటాలో పిడికిలిలా కొలిచినట్టు ఉంది. పంపేసి, తృప్తిగా ఇంటికెళ్లిపోయాను.

ఆ తర్వాత రెండు వారాల పాటు ఆ అమ్మాయి మీటింగుల్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను గమనించలేదు. తన కోడ్‌ని నాకు పంపే ముందు ఇంకో ఇద్దరికి చాటుగా చూపించుకుంటోందట, రాత్రి పదకొండు దాకా కూర్చుని మళ్లీ మళ్లీ రాస్తోందట. అదీ గమనించలేదు. వేరే టీమ్‌కి మార్చమని అడిగిందని ఒక కొలీగ్ చెప్పినప్పుడు మాత్రం, "ఎందుకు?" అని నేనే ఆశ్చర్యపోయాను.

వాడు నా వైపు చూసి, "నీకు నిజంగా తెలీదా?" అన్నాడు.

ప్రతి ఉదయం డాబా మీద ఎనిమిది సెకన్లు కదలకుండా నిలబడి 'మిగిలి ఉన్న మనసు' సాధన చేసే మనిషికి, తను వదిలిన 43 బాణాలు ఎక్కడ దిగాయో రెండు వారాల పాటు తెలియలేదు. అప్పుడు వచ్చింది ఈ వ్యాసం మొదట్లో అడిగిన ప్రశ్న. మరి ఈ సాధన నాలో దేన్ని మార్చినట్టు?

హెరిగెల్ కథ

ఇది నా ఒక్కడి ప్రశ్న కాదని చదువుతుంటే తెలిసింది.

జెన్, యుద్ధకళల గురించి ప్రపంచమంతా చదివిన ఒక పుస్తకం ఉంది. జర్మన్ తత్వశాస్త్ర ఆచార్యుడు ఓయ్‌గెన్ హెరిగెల్ 1948లో ప్రచురించిన 'జెన్ ఇన్ ది ఆర్ట్ ఆఫ్ ఆర్చరీ'. ఆయన 1924 నుంచి 1929 దాకా జపాన్‌లోని సెందాయ్‌లో పాఠాలు చెప్పేవాడు. అక్కడ అవా కెన్జో అనే గురువు దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు. మొదట కొన్నేళ్ల పాటు ఎదురుగా రెండు మీటర్ల దూరంలో పెట్టిన గడ్డిమోపుకే బాణం వెయ్యాలి. 'నేను వేస్తున్నాను' అనే భావం పోయి, బాణం దానంతటదే వెళ్లాలి అన్నది గురువు బోధ.

ఆ పుస్తకంలో ఒక ఘట్టం చాలా ప్రసిద్ధి. హెరిగెల్‌కి నమ్మకం కుదరకపోతే గురువు రాత్రిపూట, చీకట్లో, గురి ముందు సన్నటి అగరొత్తి ఒక్కటే వెలుగుతుండగా రెండు బాణాలు వేశాడు. మొదటిది నట్టనడుమ దిగింది. రెండోది వెళ్లి ఆ మొదటి బాణాన్నే చీల్చింది. చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

తర్వాత తెలిసిన సంగతులు రెండు. ఒకటి, యమదా షోజి అనే జపాన్ పరిశోధకుడు 2001లో ఈ కథ మీద ఒక వ్యాసం రాశాడు. రెండో బాణం మొదటిదాన్ని చీల్చడం కేవలం యాదృచ్ఛికమని, తాను అలా చేసి చూపించాలనుకోలేదని అవా స్వయంగా తన శిష్యుడితో అన్నారట. నాకు ఈ మాట విన్నాక గురువుగారి మీద గౌరవం పెరిగింది. తగిలిన బాణాన్ని చూపించి గొప్ప చెప్పుకోలేదు. అదీ ఎనిమిదో మెట్టు.

రెండోది మింగుడు పడని సంగతి. అహంకారం లేకుండా బాణం వదలడం గురించి అంత అందంగా రాసిన హెరిగెల్ 1937లో నాజీ పార్టీలో చేరాడు. యుద్ధం చివరి రోజుల్లో జర్మనీలో ఒక విశ్వవిద్యాలయానికి అధిపతిగా కూడా ఉన్నాడు. 'నేను' లేకుండా బాణం వెయ్యడం ఎలాగో తెలిసిన మనిషికి, ఏ గుంపులో నిలబడకూడదో తెలియలేదు.

జపాన్ భాషలోనే దీనికి ఒక సూచన ఉంది. క్యూడోలో సాధకుడి పరమ లక్ష్యాలు మూడు: షిన్, జెన్, బి. సత్యం, మంచితనం, సౌందర్యం. మన సత్యం శివం సుందరంలాగా వినిపిస్తుంది కదా! ఇక్కడ చూడాల్సింది మధ్యలోని 'జెన్'. ఇది ధ్యానం నుంచి వచ్చిన జెన్ కాదు. పలకడం ఒకటే, రాసే అక్షరం వేరు. దీని అర్థం 'మంచి'. చెవికి ఒకటేలా వినిపించే ఈ రెండూ రెండు వేర్వేరు సంగతులు. ఒకటి వచ్చింది కదా అని రెండోది దానంతటదే వచ్చెయ్యదు.

ఆగని మనసు, ఆగి చూడని మనసు

జెన్ గురువు తకువాన్ సోహో (1573–1645) అప్పటి షోగన్‌కి కత్తి నేర్పే యగ్యూ మునెనోరికి ఒక రచన పంపాడు. కదలని ప్రజ్ఞ గురించి రాసింది. ఆయన తీసుకున్న దేవత ఫుడో. ఫుడో అంటే సంస్కృతంలో అచలుడు, జపాన్ గుళ్లలో ఇప్పటికీ పూజలందుకుంటున్న దేవత. అచలమంటే రాయిలా పడి ఉండటం కాదు, మనసు దేని దగ్గరా చిక్కుకోకపోవడం అంటాడు తకువాన్. వెయ్యి చేతుల అవలోకితేశ్వరుణ్ని ఉదాహరణగా చెబుతాడు. మనసు విల్లు పట్టిన ఒక్క చేతి దగ్గర ఆగిపోతే మిగతా 999 చేతులూ దండగే. ఎక్కడా ఆగకపోతే వెయ్యీ పనిచేస్తాయి.

ఎంత గొప్ప మాట! కానీ ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఎక్కడా ఆగని మనసు, 'ఈ తల నరకొచ్చా?' అని అడగడానికి కూడా ఆగకపోవచ్చు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్‌లో అదే జరిగింది. చాలామంది జెన్ పెద్దలు సైన్యాన్నీ దండయాత్రల్నీ సమర్థించారు. బ్రయాన్ విక్టోరియా అనే ఆయన, తనే ఒక జెన్ సన్యాసి, 1997లో ఇంగ్లిష్‌లో 'జెన్ ఎట్ వార్' అనే పుస్తకంలో ఆ చరిత్రంతా బయటపెట్టాడు.

ఇది చదివి 'జెన్ అంటే ఇంతేనా' అనుకోకండి. తర్వాత జరిగింది కూడా చూడాలి. సోతో జెన్ శాఖ 1992లోనే తన యుద్ధకాలపు పాత్ర మీద పశ్చాత్తాప ప్రకటన చేసింది. క్యోటోలోని మ్యోషిన్‌జి ప్రధానాలయంగా ఉన్న రిన్‌జాయ్ శాఖ 2001లో క్షమాపణ చెప్పింది. యుద్ధం ముగిసిన అర్ధ శతాబ్దానికి. ఆలస్యమే. అయినా, వెళ్లిన బాణం వైపు తిరిగి, అది ఎవరికి తగిలిందో చూసి, 'వేసింది మేమే' అని ఒప్పుకున్నారు.

జాన్‌షిన్ అనే మాటకి సంప్రదాయంలో ఇంత అర్థం లేదు. అది ప్రధానంగా దెబ్బ తర్వాతి అప్రమత్తత. నేను దాన్ని నా అవసరం కోసం కొంచెం సాగదీస్తున్నాను. కానీ సాగదీయకపోతే కటా చివర నిలబడటం నాకు జరిగినట్టే ఒక ఫోజుగా మిగిలిపోతుంది.

అర్జునుడికి వచ్చింది, అశ్వత్థామకి రానిది

మన దగ్గరికి వద్దాం. ఈ టాపిక్ ఎత్తగానే చాలామందికి బోధిధర్ముడు, సూర్య సినిమా 'సెవెన్త్ సెన్స్' గుర్తొస్తాయి. బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి వెళ్లాడని సంప్రదాయం చెబుతుంది. చాన్ శాఖకి ఆదిగురువు ఆయనే. కానీ షావోలిన్ సన్యాసులకి ఆయనే పోరాటం నేర్పాడన్న కథ ఆయన తర్వాత సుమారు వెయ్యేళ్లకి రాసిన పుస్తకాల్లో కనిపిస్తుంది. కాబట్టి 'అంతా మనమే నేర్పాం' అని భుజాలు ఎగరేయడం కాస్త తగ్గిద్దాం. మనం నిజంగా గర్వపడాల్సిన చోటు ఇంకోటుంది. ఈ ప్రశ్నని మన ఇతిహాసం ముందే అడిగింది.

మహాభారతం సౌప్తిక పర్వం. రాత్రి నిద్రలో ఉన్నవాళ్లని చంపేసి వచ్చిన అశ్వత్థామ, పాండవులు వెంటపడి వచ్చేసరికి ఒక గడ్డిపోచని మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలాడు. కృష్ణుడు చెప్పగా అర్జునుడూ అదే అస్త్రం వేశాడు. వేసే ముందు గురుపుత్రుడికి, అంటే ఎదురుగా ఉన్న ఆ అశ్వత్థామకే, క్షేమం కోరుకున్నాడు. రెండు అస్త్రాల మధ్య నారదుడు, వ్యాసుడు నిలబడి, వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు ఉపసంహరించుకున్నాడు. అశ్వత్థామ తన వల్ల కాదన్నాడు. ఆఖరికి దాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు.

ఇద్దరికీ గురువు ఒక్కడే. అస్త్రమూ ఒక్కటే. మంత్రం తప్పులేకుండా చదవడంలో ఇద్దరికీ తేడా లేదు. తేడా అంతా వదిలిన తర్వాతే వచ్చింది. నియమం, సత్యవ్రతం ఉన్నవాడికి తప్ప దాన్ని వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదని భారతం చెబుతుంది. అంటే ఏడో మెట్టు దాకా విద్య చాలు. ఎనిమిదో మెట్టుకి మాత్రం మనిషి కావాలి.

ఫలితం మీద ఆశ లేకపోవడం అంటే?

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. నాకు వచ్చింది. ఫలితం సంగతి వదిలేసి పని చెయ్యమని కదా గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది? బాణం ఎక్కడ తగిలిందో చూసుకుంటూ కూర్చుంటే అది ఫలాపేక్ష కాదా?

ఈ మాటని నేను చాలాసార్లు నా సౌకర్యానికి వాడుకున్నాను. 'నా పని నేను కరెక్ట్‌గా చేశాను, వాళ్లు ఎలా తీసుకుంటే నాకేంటి' అనడానికి. ఆ 43 కామెంట్ల విషయంలోనూ లోపల నేను చెప్పుకున్నది అదే.

కానీ అదే గీతలో పద్దెనిమిదో అధ్యాయం 25వ శ్లోకం ఉంది. దాని సారం ఇది: తర్వాత ఏమవుతుందో, ఎంత నష్టమో, ఎవరికి హింసో, తన శక్తి ఎంతో చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పని తామసం. రాజసం కూడా కాదు, తామసం! ఈ రెండు శ్లోకాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటగా ఉంది. 'ఇందులో నాకేం వస్తుంది?' అని చూడటం ఫలాపేక్ష. 'దీనివల్ల వాళ్లకేమవుతుంది?' అని చూడటం బాధ్యత. మొదటిది వదిలేయమన్నాడు. రెండోది వదిలేస్తే తామసమన్నాడు.

నేను సరిగ్గా తిరగేసి చేశాను. 'ఎంత బాగా రివ్యూ చేస్తాడో' అనే పేరు మీద ఆశ పెట్టుకున్నాను, ఆ అమ్మాయికి ఏమైందో అన్నది మాత్రం వదిలేశాను. గ్రేడింగ్‌లో వీడియో వైపు చూసినవాడూ, ఆఫీసులో ఆ కామెంట్లు పెట్టినవాడూ ఒక్కడే.

పూజలో చివరి నిమిషం

మరి పరిపూర్ణత అంటే ఏంటి? అదే అధ్యాయం 48వ శ్లోకంలో కృష్ణుడు ఒక పోలిక చెబుతాడు. నిప్పుకి పొగ ఉన్నట్టే ప్రతి పనికీ ఏదో దోషం ఉంటుంది. అయినా నీ సహజమైన పనిని వదలకు అని. పొగ లేని నిప్పు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. అలాగని పొగ లేనట్టు నటించనూ వద్దు.

దీన్ని మన పెద్దలు పూజా విధానంలోనే పెట్టారు. ఆవాహన నుంచి మంత్రపుష్పం దాకా అన్నీ అయ్యాక చివర క్షమాపణ ఉంటుంది. మంత్రంలో లోపం, చేతల్లో లోపం, భక్తిలో లోపం, ఏం జరిగినా మన్నించి దీన్నే పూర్తిగా స్వీకరించు అని వేడుకోవడం. లోపం ఉందని ఒప్పుకున్నాకే పూజ సంపూర్ణం. మీ ఇంట్లో వినాయక చవితి గుర్తు చేసుకోండి. సరిగ్గా ఆ ముక్క వచ్చేసరికి అందరి కళ్లూ ఉండ్రాళ్ల మీద ఉంటాయి. ఒకళ్లు పీటలు తీస్తుంటారు, ఒకళ్లు ఫోటో తీస్తుంటారు. నేనైతే ఎప్పుడూ ఫోటో బ్యాచే.

మా అమ్మ మాత్రం దీపం ముందు పూజ అయ్యాక వెంటనే లేవదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒకటి రెండు నిమిషాలు ఊరికే కూర్చుంటుంది. చిన్నప్పుడు మోకాళ్ల నొప్పులేమో అనుకునేవాణ్ని. ఈ మధ్య అడిగాను, "అప్పుడేం చేస్తావమ్మా?" అని.

"ఏముందిరా, పొద్దున్నించి ఎవరినైనా ఏమైనా అన్నానేమో చూసుకుంటా" అంది.

అమ్మకి జాన్‌షిన్ అనే మాట తెలియదు. నేను చెప్పలేదు కూడా.

ఇక నా మొదటి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు. పని తప్పులేకుండా చేయడం వల్ల మనిషి మంచివాడవడు. ఆ సాధన మనకి శక్తినిస్తుంది, నిలకడనిస్తుంది. ఆ శక్తి ఎటు వెళ్లిందో తిరిగి చూసుకునే అలవాటు వేరే నేర్చుకోవాలి. షోటోకాన్ బడుల్లో క్లాసు చివర కూర్చుని చెప్పుకునే నియమాల్లో మొదటిది కూడా కటాని పరిపూర్ణం చేసుకోమని అనదు. వ్యక్తిత్వాన్ని పరిపూర్ణం చేసుకోవడానికి ప్రయత్నించమంటుంది. ఏడాది పాటు రోజూ పలికాను, వినలేదు.

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. క్యాంటీన్‌లో. "ఆ కామెంట్లు తప్పు కాదు గానీ, నేను పెట్టిన తీరు తప్పు. నీ పక్కన కూర్చుని చెప్పాల్సింది. సారీ" అన్నాను. ఆ మొదటి వాక్యం అనకుండా ఉండాల్సింది. అప్పటికీ నా 43 కామెంట్లని కాపాడుకుంటూనే ఉన్నాను. తను, "పర్లేదండీ" అంది. టీమ్ మాత్రం మారిపోయింది. సినిమాల్లోలాగా అంతా సర్దుకోలేదు. కొన్ని అస్త్రాలు వెనక్కి రావు.

ఇప్పుడు రివ్యూ రాసి పంపే ముందు కాదు, పంపిన తర్వాతి రోజు ఒకసారి ఆ మనిషి డెస్క్ దగ్గరికి వెళ్తున్నాను. కొన్నిసార్లు మర్చిపోతాను. కటా ఇప్పటికీ రోజూ చేస్తున్నాను, ఫోన్ మాత్రం కింద ఇంట్లోనే వదిలేసి. ఎలా వస్తోందో నాకు తెలియదు. ఆఖరి కదలిక అయ్యాక కాసేపు నిలబడి, నిన్న నేనన్న మాటలు ఎవరి దగ్గర దిగాయో ఒకసారి చూసుకుంటాను. ఒక్కో రోజు ఆ కాసేపే 21 కదలికల కంటే బరువుగా ఉంటుంది.

మీరు కరాటే చెయ్యనక్కర్లేదు. రేపు పూజ అయ్యాక ఒక్క నిమిషం లేవకుండా కూర్చుని చూడండి. ఎవరైనా గుర్తొస్తే, ప్రసాదం పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి.

శుభం.